కెమేరాకు ముందు మైకు

1998లో సైబర్ టవర్స్ వెలసిన మాదాపూరు పరిసరములలో వీడియోలు తీయ నెంచువారు మమ్ములను మొదట కెమేరా ధర అడుగుదురు. మేము మైకు మాట ఎత్తుదుము. ధ్వనియే జీవనమైన మాకిది పక్షపాతమనినను సరియే.

చౌకరకపు తీగలేని మైకులు పెక్కు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో పనిచేయును. కార్యాలయముల వైఫై, బ్లూటూత్ కూడ ఆ బ్యాండునే వాడును. కావున ఇంట స్వచ్ఛముగా పలికిన మైకు హైటెక్ సిటీలో తెగి తెగి పలుకవచ్చును. తెగిన దృశ్యమును మరొక దృశ్యముతో కప్పవచ్చును. తెగిన మాటను కప్పుటెట్లు?

చేతనున్న ఫోనుతోనే ఆరంభించి, మిగిలిన సొమ్ముతో ట్రాన్స్‌మిటరులోనే శబ్దమును రికార్డు చేసికొను మైకును కొనుడు. ప్రసారము తెగినను ఆ ప్రతి నిలుచును. దేహములోని నీరు ఈ తరంగములను పీల్చును. మైకును ఱొమ్మున తగిలించుకొని రిసీవరునకు వీపు త్రిప్పరాదు. కెమేరా కొనునాడు మైకు, హెడ్‌ఫోను జాకులు రెండును గలదానిని చూడుడు. కోఠి గుజరాతీ గల్లీలో బేరమునకు ముందు, ఆ జనసమ్మర్దముననే ఇరువది అడుగులు నడచి, మాటాడి, వినిపించుమనుడు.