చెయ్యి అలసిందా, నాడి అందడం లేదా?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఆరోగ్య ఉపసంఘం వైద్యులు చేసిన ప్రసంగ పాఠం)

 మేము డాక్టర్లమే గానీ మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాళ్ళం. కనుక మనింటి మాటల్లోనే చెప్తాం.

పక్షవాతం ఏమిటో మీకు తెలుసు. సోలాపూర్‌లో లకవా అంటారు, సేలంలో పక్కవాదం అంటారు. పేరేదైనా జరిగేది ఒకటే. మెదడులో ఒక భాగానికి రక్తం అందక గానీ, రక్తనాళం చిట్లి గానీ మాట, చూపు, కాలు, చెయ్యి దెబ్బతింటాయి. బీపీ, షుగర్, పొగాకు దీనికి పెద్ద కారణాలు. ఈ రోజు మేము చెప్పబోయేది మరో కారణం. ఇది అరుదైనదే. కానీ వచ్చినప్పుడు ఎక్కువగా 40 ఏళ్ళలోపు ఆడవాళ్ళకు వస్తుంది. పైగా మన ఇళ్ళల్లో దీన్ని పని అలసట అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది.

1908లో జపాన్‌లో మికితో తకయాసు అనే కంటి వైద్యుడు 21 ఏళ్ళ యువతి కంటి లోపలి రక్తనాళాల్లో వింత మార్పు చూశారు. ఇలాంటి రోగులకే మణికట్టు దగ్గర నాడి అందడం లేదని ఆ సభలోనే మరో ఇద్దరు వైద్యులు చెప్పారు. అందుకే దీన్ని తకయాసు ఆర్టెరైటిస్ అంటారు. నాడి అందని జబ్బు అని కూడా పేరు. మన దేశంతో సహా ఆసియాలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని, దాని నుంచి మెడకు, చేతులకు, మూత్రపిండాలకు వెళ్ళే కొమ్మలు ఈ జబ్బులో వాస్తాయి. పెద్ద వయసులో రక్తనాళం లోపల కొవ్వు పేరుకోవడం వేరు, ఇది వేరు. అది గొట్టం లోపల పాచి పట్టడం లాంటిది. ఇక్కడ గొట్టం గోడే వాచి, మందమై, గంజి ఎక్కువైన నూలులా బిరుసెక్కుతుంది. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే దారి తప్పి ఆ గోడ మీద పడుతుంది. ఎందుకు పడుతుందో వైద్యశాస్త్రం ఇంకా పూర్తిగా తేల్చలేదు. ఒకటి మాత్రం ఖాయం. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి పాపమూ కాదు.

దీని నుంచి పక్షవాతం మూడు దారుల్లో వస్తుంది. మెడలోని నాళం సన్నబడి మెదడుకు రక్తం తగ్గడం ఒకటి. వాచిన గోడ మీద గడ్డకట్టిన రక్తం ముక్క తెగి మెదడులోకి పోయి అడ్డుపడటం రెండోది. మూత్రపిండాల నాళం సన్నబడితే బీపీ విపరీతంగా పెరిగి, మెదడులో నాళం చిట్లడం మూడోది. పాతికేళ్ళ పిల్లకు బీపీ ఉందంటే, మాత్ర రాయించుకుని ఊరుకోకండి. ఎందుకు వచ్చిందో కనుక్కోమని డాక్టరుగారిని అడగండి.

ఇప్పుడు అసలు విషయం. ఆసు పోసే అమ్మాయి, కండెలు చుట్టే కోడలు, నాడె తాడు లాగే అక్క, సోలాపూర్‌లో రోజంతా బీడీలు చుట్టే చెల్లెలు చెయ్యి లాగుతోందంటే మనం ఏమంటాం? "పని చేస్తే నొప్పి రాదా?" అంటాం. జండూబామ్ రాస్తాం. నిజమే, చాలాసార్లు అది పని నొప్పే. కానీ తేడా గమనించాలి. పని నొప్పి రాత్రి పడుకున్నాక కూడా సలుపుతుంది, నొక్కితే నొప్పెడుతుంది. రక్తం చాలని చెయ్యి అలా కాదు. పని మొదలెట్టిన కాసేపటికే బరువెక్కి చచ్చుబడుతుంది, ఆపితే కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది, మళ్ళీ మొదలెడితే మళ్ళీ అంతే. చెయ్యి చల్లగా ఉండొచ్చు. కొందరికి చెయ్యి ఆడిస్తుంటే కళ్ళు తిరుగుతాయి. ఎందుకంటే చేతికి చాలని రక్తాన్ని మెదడుకు వెళ్ళే దారి నుంచి చెయ్యి లాక్కుంటుంది.

మనం ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో మరాఠీయో తమిళమో కన్నడమో ఒడియానో మాట్లాడతాం. అక్కడ "చెయ్యి నొప్పి" అని ఒక్క ముక్క చెప్పి నొప్పి మాత్రలతో తిరిగొస్తాం. ఇకమీదట "పని చేస్తే చచ్చుబడుతుంది, ఆపితే తగ్గుతుంది" అని ఆ భాషలో చెప్పడం నేర్చుకోండి. ఆ మాటతో డాక్టరు ఆలోచన మారుతుంది. వారాల తరబడి సన్నజ్వరం, నీరసం, బరువు తగ్గడం, కీళ్ళనొప్పులు, మెడలో నాళం మీద నొప్పి ఉంటే అవీ చెప్పండి.

ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. బొటనవేలి కింద, మణికట్టు దగ్గర రెండు చేతుల నాడీ చూడండి. ఒక పక్క అందకపోయినా, బాగా బలహీనంగా ఉన్నా ఆసుపత్రికి వెళ్ళండి. బీపీ రెండు చేతులకీ చూడమనండి. పై అంకెలో 10 కంటే ఎక్కువ తేడా మళ్ళీ మళ్ళీ వస్తే డాక్టరుకు చూపించాలి. 20 దాటితే అసలు వదలొద్దు. ఇంకో చిక్కు ఉంది. నాళం మూసుకుపోయిన చేతికి బీపీ చూస్తే తక్కువ చూపిస్తుంది, లోపల అసలు బీపీ ఎక్కువ ఉండొచ్చు. అలాంటప్పుడు కాలికి కూడా చూస్తారు. తర్వాత ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు, డాప్లర్, సీటీ లేదా ఎమ్మారై యాంజియోగ్రామ్‌తో జబ్బు తేలుతుంది. రక్తపరీక్ష బాగున్నంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. దీన్ని చూసేవాళ్ళు రుమటాలజిస్టులు. వెల్లూరు సీఎంసీ లాంటి పెద్దాసుపత్రుల్లో ఆ విభాగం ఉంది.

మందు ఉంది. ముందు స్టెరాయిడ్, దాంతోపాటు మెథోట్రెక్సేట్, అజథయోప్రిన్ లాంటివి ఇస్తారు. అవసరమైతే, వాపు అణిగాక నాళాన్ని బెలూన్‌తో వెడల్పు చేస్తారు. స్టెరాయిడ్‌తో మొహం ఉబ్బుతుంది, ఒళ్ళొస్తుంది. పెళ్ళిచూపులున్నాయని మాత్రలు ఆపేసే తల్లిదండ్రులకు మా విన్నపం: స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు, వాపు తిరగబెడితే పక్షవాతం రావచ్చు. మోతాదు తగ్గించేది డాక్టరే. జబ్బు దాచి పెళ్ళి చేయకండి. అత్తగారింట్లో మాత్రలు దాచుకుని మింగాల్సిన పిల్ల చివరికి మింగడం మానేస్తుంది. జబ్బు అదుపులో ఉంటే చాలామంది పెళ్ళి చేసుకుని, బిడ్డల్ని కని, పని చేసుకుంటున్నారు. అయితే మెథోట్రెక్సేట్ గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి, గర్భం అనుకునే ముందే డాక్టరును కలవాలి.

పెద్దలకూ ఒక మాట. 50 దాటినవాళ్ళకు ఇలాంటిదే జెయింట్ సెల్ ఆర్టెరైటిస్ అనే జబ్బు ఉంది. మన దేశంలో తక్కువే. కణతల దగ్గర కొత్తగా తలనొప్పి, దువ్వుకుంటే మాడు నొప్పి, నమిలేటప్పుడు దవడ లాగడం, చూపు మసకబారడం దాని గుర్తులు. చూపు పోవచ్చు, పక్షవాతమూ రావచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక ఏ కారణమైనా సరే, మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు మందుకూ, నూనె మర్దనకూ పరుగెత్తకండి. 108కి ఫోన్ చేసి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. అడ్డుపడిన రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది. కొద్ది నిమిషాల్లో తగ్గిపోయినా అది హెచ్చరికే, ఆ రోజే చూపించుకోవాలి.

పడుగులో ఒక్క పోగు తెగితే మగ్గం ఆపి ముడేసేవాళ్ళం మనం. ఆ శ్రద్ధ ఇంటి ఆడపిల్ల చేతి మీద కూడా పెడదాం. నాడె మన చేతులకు బాగా తెలుసు. నాడి చూడటం కూడా నేర్చుకుందాం. సభ అయ్యాక పక్క హాల్లో మేము కూర్చుంటాం. తల్లులూ, కోడళ్ళూ రండి, రెండు చేతులకీ బీపీ చూస్తాం.

సెలవు. జై చేనేత!