ఎత్తులో ఊపిరి, గుండె
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను డాక్టర్ని కాను. ఇంటర్ చదివి ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి, సుబేదారుగా రిటైరయ్యాను. మన పిల్లలు చాలామంది ఇప్పటికీ మంచు కొండల మీద డ్యూటీలో ఉన్నారు. అందుకే లడఖ్‌లో నేను నేర్చుకున్న నాలుగు మాటలు చెప్తాను.

మనం పీల్చిన గాలి ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి తిత్తుల్లోకి వెళ్తుంది. ఇవి కోట్ల సంఖ్యలో ఉంటాయి. అన్నిటినీ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్లు, ఇంచుమించు బ్యాడ్మింటన్ కోర్టంత. వాటి పల్చని గోడ దాటి ఆక్సిజన్ రక్తంలోకి పోతుంది, బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఊపిరితిత్తులు సప్లై డిపో, ఎర్ర రక్తకణాలు లారీలు, ఆ కాన్వాయ్‌ని నడిపించేది గుండె. కుడి భాగం రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ఆక్సిజన్ ఎక్కించుకున్న రక్తాన్ని ఎడమ భాగం ఒళ్లంతా తోలుతుంది. ఊరికే కూర్చున్నా నిమిషానికి సుమారు 5 లీటర్లు.

కొండ మీద గాలిలో ఆక్సిజన్ శాతం తక్కువని చాలామంది అనుకుంటారు. విశాఖ బీచ్‌లోనైనా, సియాచిన్‌లోనైనా అది 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. లేహ్ సుమారు 11,500 అడుగుల ఎత్తు. అక్కడ ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులు. 18,000 అడుగుల్లో సగమే. డిపోకి సరుకు తగ్గితే లారీలు ఎక్కువ ట్రిప్పులు తిరగాలి కదా! అందుకే ఊపిరి, నాడి రెండూ వేగం అందుకుంటాయి. కొన్ని వారాలకు ఎర్ర కణాలు కూడా పెరుగుతాయి.

తొందరపడి పైకెక్కితే ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు బిగుసుకుంటాయి. లోపల ఒత్తిడి పెరిగి గాలి తిత్తుల్లోకి నీరు ఊరుతుంది. దాన్నే మనం హేపో అంటాం. ఎంత కండలు తిరిగిన జవానుకైనా రావచ్చు. 1962 యుద్ధంలో మైదానాల నుంచి హడావుడిగా పైకి వెళ్లినవాళ్లు చాలామంది దీని బారిన పడ్డారు. మన ఆర్మీ డాక్టరు ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికుల్లో ఎత్తు జబ్బును పరిశీలించి రాసిన వ్యాసం 1969లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది.

ఎత్తుకు అలవాటు పడే షెడ్యూలు మీకు తెలిసిందే. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య 6 రోజులు, అందులో మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. 15,000 వరకు ఇంకో 4, ఆ పైన మరో 4. ఎక్కువ కాలం కింద ఉండి వచ్చినవాడు మళ్లీ మొదట్నుంచీ చెయ్యాలి.

శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు రెండు నెలల సెలవు ముగించుకుని వచ్చాడు. మూడో రోజు దగ్గుతుంటే అడిగాను. “ఏం లేదు సాబ్, ఇంటి దగ్గర జలుబు చేసింది” అన్నాడు. ఆ రాత్రే అతని పక్క మంచం జవాను పరుగెత్తుకొచ్చాడు. “సాబ్, వీడు పడుకోలేకపోతున్నాడు, కూర్చునే ఉన్నాడు.” వెళ్లి చూస్తే పెదాలు నీలం, ఛాతీలో గురగుర. ఆక్సిజన్ పెట్టాం. డాక్టరు సాబ్ చూసి కిందికి దింపించారు. బతికాడు. తర్వాత “ఎందుకు దాచావురా?” అంటే, “పైకి వెళ్లేవాళ్ల లిస్టులో నా పేరుంది సాబ్. భయపడి సాకు చెప్పాడంటారని” అన్నాడు.

తమ్ముళ్లూ, తగ్గని తలనొప్పి, పొడి దగ్గు, కూర్చున్నా ఆయాసం, ఈ మూడింటిలో ఏది వచ్చినా చెప్పండి. పక్కవాడికి వస్తే వాడు వద్దన్నా మీరు చెప్పండి. ఆ రాత్రి డాక్టరు సాబ్ కంటే, నాకంటే ముందు ఆ కుర్రాణ్ణి కాపాడింది పక్క మంచం జవానే.

పిల్లల్ని చూడ్డానికి విమానంలో లేహ్ వెళ్లే తల్లిదండ్రులూ, మీకూ అదే నియమం. మొదటి రెండు రోజులు గదిలోనే విశ్రాంతి తీసుకోండి, మందు జోలికి పోకండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు బయల్దేరే ముందే డాక్టరుకి చూపించుకోండి.

 జై హింద్.