సెలవుల్లో ఏం చేశావు?

(విస్సన్నపేటలో ఉపాధ్యాయులు, ఆదివాసీ యువత ముందు చేసిన ప్రసంగ పాఠం)



జూన్‌లో బడి తెరవగానే సారు అడుగుతారు, "సెలవుల్లో ఏం చేశావురా?" అని. తండా పిల్లోడు లేచి నిలబడి "ఏం లేదు సార్" అంటాడు. నేనూ అట్లానే అన్నా. ఏప్రిల్, మే రెండు నెలలూ అమ్మానాన్నలతో మామిడి తోటల్లో కూలికి పోయినోణ్ణి. తొడిమ విరిగితే సొన కారి కాయ మచ్చ పడుతుందని తెలుసు. ఏది రసం కాయో, ఏది బంగినపల్లో చూడగానే చెప్తా. అది కూడా చదువేనని మాత్రం తెలీదు.

పిల్లలు కూలికి పోవడం మంచిదని నేను అనట్లేదు. పోకూడదు. కానీ వాళ్ళు చూసింది, నేర్చింది బడి గడప దగ్గరే ఎందుకు ఆగిపోవాలి?

సుస్థిరాభివృద్ధి అనే మాట పెద్దది. అర్థం మన అవ్వలకు తెలిసిందే: రేపటి పిల్లల నోటికాడ కూడు లాక్కోకుండా ఈరోజు మనం బతకడం. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని బడిలో తప్పనిసరిగా నేర్పమంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం దాన్ని అన్ని సబ్జెక్టుల్లో కలిపి చెప్పమంది. మనం చేస్తున్నదేంటి? జూన్ 5న ఒక మొక్క, ఒక ఫొటో. అంతే.

ఒక్క మామిడి తోట చాలు, అన్ని పీరియడ్లకూ.

లెక్కల సారు చెప్పొచ్చు: పది మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి 40 చెట్లు. 5 హార్స్‌పవర్ మోటారు 4 గంటలు తిరిగితే సుమారు 15 యూనిట్లు. కరెంటు బిల్లు రాకపోవచ్చు. భూమిలో నీళ్ళకు మాత్రం లెక్క ఉంటుంది.

సైన్సులో కార్బైడ్ పాఠం. తేమ తగిలితే ఎసిటలీన్ వాయువు వస్తుంది, కాయ రంగు తిరుగుతుంది. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్ళు ఉంటాయి. అందుకే పండ్లు మగ్గించడానికి దాన్ని వాడటం నిషేధం. మరి ఆ పొట్లాలు కట్టే చేతులు ఎవరివి? ఆ ప్రశ్న కూడా సైన్సు క్లాసులోనే రావాలి.

సోషల్‌లో ఇంకో ప్రశ్న. పూత మీదే తోట కొన్న వ్యాపారికి ఈ ఏటి కాయ మీదే ధ్యాస, పదేళ్ళ తర్వాత చెట్టు ఏమవుతుందో పట్టదు. నేల ఒకరిది, కాయ ఇంకొకరిది, మందు పీల్చే ఊపిరి కూలోళ్ళది. 1997 సమతా తీర్పు ఇక్కడే చెప్పాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనులకు లీజుకివ్వడం చెల్లదంది సుప్రీంకోర్టు. విస్సన్నపేట షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, ఆ రక్షణ మనకిక్కడ లేదు. ఎందుకు లేదో మన పిల్లలకు తెలియాలి.

ఇక భాష. ఉమ్మడి రాష్ట్రంలో 2004లోనే కోయ, సవర, లంబాడీ లాంటి భాషల్లో ప్రాథమిక చదువు మొదలైంది. చెట్ల పేర్లు, వానల గుర్తులు, విత్తనం దాచే పద్ధతి ఆ మాటల్లోనే ఉన్నాయి. మాట పోతే ఆ తెలివీ పోతుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు ఒకటే పని. ఈ జూన్‌లో మీ ఊరి బడికి వెళ్ళండి. ఒక అవ్వను తీసుకెళ్ళి ఒక పీరియడ్ మాట్లాడించండి. సార్లకు నా మనవి కూడా ఒకటే. "ఏం లేదు సార్" అన్న పిల్లోణ్ణి అక్కడితో కూర్చోబెట్టకండి. "తోటలో ఏం చూశావురా?" అని ఇంకొక్కసారి అడగండి.

జై ఆదివాసీ.