హృదయ కవాటం నేర్పే పాఠం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు నేల ఎల్లలకు ఆవల ఒక తెలుగు పాఠశాల డెబ్బది అయిదు సంవత్సరాలపాటు తన తలుపులు తెరిచి ఉంచడం సామాన్యమైన విషయం కాదు. ఇట్టి శుభవేళ తలుపును గురించే నాలుగు మాటలు వినిపించడం సముచితం. ఇది ప్రతి మనిషి గుండెలోనూ ఉన్న తలుపు. తెలుగు పాఠ్యపుస్తకాలు దానికి కవాటమని పేరు పెట్టాయి. కవాటమంటే తలుపు అనే అర్థం. 'మిట్రల్ వాల్వ్' అని కంఠస్థం చేసే విద్యార్థికి, ఆ మాట క్రైస్తవ మతాచార్యుని శిరోభూషణం ఆకారాన్నిబట్టి వచ్చిందని మరొకరు చెప్పవలసి ఉంటుంది. కవాటమన్న మాట మాత్రం వినగానే తన పనిని తానే చెబుతుంది.

గుండెలో ఇట్టి కవాటాలు నాలుగు. గుండె నిమిషానికి డెబ్బది రెండు సార్లు కొట్టుకుంటే, ఒక్కొక్క కవాటం రోజుకు లక్షసార్లకు పైగా, సంవత్సరానికి సుమారు 3.8 కోట్ల సార్లు తెరుచుకొని మూసుకుంటుంది. దానిని తెరిచే ద్వారపాలకుడు లేడు. ముందు వెనుకల రక్తపీడనంలోని తేడాయే దానిని నడిపిస్తుంది. గోదావరి కాలువల మీద లాకులు చూచినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. రెండు తలుపులు ఎగువవైపుకు కోణంగా కలిసి నిలుస్తాయి. వెనుక నిలిచిన నీటి బరువే వాటిని బిగించి ఉంచుతుంది. లాకు తలుపులను తెరవడానికి మనిషి కావాలి. గుండె తలుపులకు ఆ అవసరం కూడా లేదు.

ఈ పోలిక ఆశ్చర్యకరంగా ఒకే మనిషి జీవితంలో కలుస్తుంది. కాలువల లాకు తలుపులను చిత్రించిన లియొనార్డో డావిన్సీయే 1513 ప్రాంతంలో ఎద్దు గుండెను కోసి బృహద్ధమని కవాటాన్ని పరిశీలించాడు. కవాటపు రెక్కల వెనుక ధమని గోడలో మూడు చిన్న ఉబ్బులు ఉంటాయి. రక్తం వేగంగా పోయేటప్పుడు ఆ ఉబ్బులలో సుడులు ఏర్పడి, రెక్కలు మూసుకోవడానికి తోడ్పడతాయని ఆయన ఊహించాడు. గాజుతో ఒక నమూనా చేసి, నీటిలో గడ్డి విత్తనాలు కలిపి, వాటి కదలికనుబట్టి ప్రవాహాన్ని చూడాలని రాసుకున్నాడు. నాలుగున్నర శతాబ్దాల తరువాత, 1960వ దశకం చివర, ఆక్స్‌ఫర్డ్‌లో బ్రయన్ బెల్‌హౌస్ ప్రయోగశాలలో నమూనా కవాటాలతో పరిశోధించి, ఆ సుడుల పాత్రను నిరూపించాడు.

ఈ కవాటం చెడితే ఏమవుతుంది? ఆరోగ్యవంతుని బృహద్ధమని కవాటం తెరుచుకున్నప్పుడు మూడు, నాలుగు చదరపు సెంటీమీటర్ల దారి ఉంటుంది. రక్తం సెకనుకు సుమారు ఒక మీటరు వేగంతో పోతుంది. వ్యాధివల్ల ఆ దారి నాలుగవ వంతుకు కుంచించుకుపోయిందని అనుకోండి. అంతే రక్తం పోవాలంటే వేగం నాలుగు రెట్లు కావాలి. పీడన నష్టం వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది కాబట్టి అది పదహారు రెట్లు అవుతుంది. అంటే నాలుగు మిల్లీమీటర్ల పాదరస పీడనం ఉండవలసిన చోట అరవై నాలుగు. ఆ భారమంతా గుండె కండరం మీద పడుతుంది. నేడు వైద్యులు అల్ట్రాసౌండ్ పరీక్షతో రక్తవేగాన్ని కొలిచి ఈ లెక్కే వేస్తారు. ఇది పాఠశాలలో చదివే బెర్నౌలీ సూత్రమే. ఆ డేనియల్ బెర్నౌలీ వైద్యం చదివినవాడు కావడం గమనింపదగినది.

భారతదేశంలో కవాటాలను చెరచిన ప్రధాన వ్యాధులలో రుమాటిక్ జ్వరం ఒకటి. అది ముఖ్యంగా అయిదు నుంచి పదిహేనేళ్ల వయసు పిల్లల వ్యాధి. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చిన గొంతునొప్పికి సకాలంలో వైద్యం అందకపోతే, కొందరిలో అది కీళ్లను తాకి పోతుంది గాని గుండెను కాటు వేస్తుంది. ఇరుకు ఇళ్లలో ఉండే పేదల పిల్లలకే ఈ ఆపద ఎక్కువ. గొంతునొప్పితో బడికి వచ్చిన బిడ్డను వైద్యుని వద్దకు పంపమని చెప్పే ఉపాధ్యాయుడు ఒక్కొక్కసారి ఒక గుండెనే కాపాడినవాడవుతాడు.

పాడైన కవాటానికి బదులు కొత్తది అమర్చే విద్య 1960లో నిలదొక్కుకున్నది. అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో లొవెల్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు యువ శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ స్టార్ వద్దకు వెళ్లి కృత్రిమ హృదయాన్నే తయారు చేద్దామన్నాడు. ముందు ఒక్క కవాటం చేద్దామన్నాడు స్టార్. పంజరంలో బంతి వలె వారు చేసిన కవాటం ఎందరికో ప్రాణం పోసింది. అయితే బంతి ప్రవాహానికి నడుమ అడ్డు నిలుస్తుంది. రక్తం నిలువ ఉన్న చోట గడ్డకడుతుంది. మితిమీరిన ఒరిపిడి ఉన్న చోట కణాలు దెబ్బతింటాయి. ఈ రెండింటి నడుమ దారి వెదకడమే కవాట ప్రవాహి శాస్త్రం. ఆ అన్వేషణలోనే వాలే బిళ్ల కవాటాలు, రెండు రెక్కల కవాటాలు వచ్చాయి.

విదేశీ కవాటం కొనలేని రోగుల కోసం తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వాన స్వదేశీ ప్రయత్నం మొదలైంది. వైద్యులు, ఇంజనీర్లు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. మొదటి మూడు నమూనాలు పరీక్షలకు నిలువలేదు. నాలుగవది నిలిచింది. కోబాల్టు, క్రోమియం ప్రధానమైన మిశ్రమలోహపు చట్రంలో, గట్టి పాలిథిలీన్ బిళ్ల వాలుతూ లేస్తూ ఉండే ఆ కవాటాన్ని 1990 డిసెంబరులో తొలిసారిగా ఒక రోగికి అమర్చారు. ఆ తరువాత అది లక్షమందికి పైగా చేరింది. యాంత్రిక కవాటాన్ని యంత్రం మీద నలభై కోట్ల సార్లు తెరిచి మూసి చూస్తారు. అది సుమారు పదేళ్ల గుండె పనికి సమానం. మూడు ఓటములను దాచక, కారణం వెదికినందువల్లనే నాలుగవది గెలిచింది. 2024లో డాక్టర్ వలియత్తాన్ కన్నుమూశారు. ఆయన తలుపు మాత్రం ఎందరి గుండెలలోనో తెరుచుకుంటూనే ఉన్నది.

ఇక విద్యార్థి మాట. ఇంజనీరింగ్ విద్యార్థులు ఎట్లా నేర్చుకుంటారన్నది కూడా నేడు పరిశోధనాంశమే. 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం శాస్త్ర, ఇంజనీరింగ్, గణిత తరగతులపై జరిగిన 225 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. ఉపన్యాసం మాత్రమే విన్న తరగతులలో నూటికి సుమారు 34 మంది తప్పగా, చర్చిస్తూ, లెక్కలు చేస్తూ నేర్చుకున్న తరగతులలో సుమారు 22 మందే తప్పారు. 2019లో హార్వర్డ్‌లో జరిగిన ఒక అధ్యయనం మరొక వింత చెప్పింది. చక్కని ఉపన్యాసం విన్న విద్యార్థులు తాము ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు. పరీక్షలో మాత్రం కష్టపడి తామే సాధించినవారే మెరుగ్గా రాశారు. వినడంలోని హాయి నేర్వడంగా భ్రమింపజేస్తుందన్న మాట. డావిన్సీ గాజు నమూనా కోరుకున్నది అందుకే: తాను కన్నులారా చూడనిది ఆయనకు తెలిసినట్టు కాదు.

తెలుగు మాధ్యమంలో చదివి కళాశాలకు వెళ్లే విద్యార్థి మొదటి సంవత్సరం ఇంగ్లీషు పదాల నడుమ మౌనంగా కూర్చోవడం ఉపాధ్యాయులకు తెలిసిన బాధ. ఆ మౌనాన్ని తెలివితక్కువతనమని పొరబడేవారున్నారు. విద్యార్థి తానే అట్లా నమ్మడం అంతకన్నా ప్రమాదం. పీడనం, స్నిగ్ధత, సుడి, కవాటం అనే మాటలతో అర్థం చేసుకున్నవాడు ప్రెషర్, విస్కాసిటీ, వోర్టెక్స్, వాల్వ్ అనే మాటలు కొద్ది నెలలలో నేర్వగలడు. అర్థం లేక మాటలు మాత్రమే నేర్చినవానికి ఆ లోటు తీరడం ఎంతో కష్టం. అయితే ఆ కొద్ది నెలలలో చేయి అందించే పెద్దలు కావాలి. ఈ పాఠశాల పూర్వ విద్యార్థులలో ఇంజనీర్లు, వైద్యులు ఉన్నారు. ఏడాదికి ఒక్క సెలవుల మాసం వారు వచ్చి, పై చదువులకు వెళ్లే పిల్లలతో రెండు భాషలలోనూ లెక్కలు చేయిస్తే, జూబిలీకి అంతకు మించిన కానుక ఉండదు.

మంచి కవాటానికి రెండు గుణాలు: ముందుకు పోయేదానికి అడ్డు నిలువదు, వెనుకకు జారనివ్వదు. మంచి పాఠశాలకూ అవే. ఈ ద్వారం శతవసంతాలు దాటి తెరిచి ఉండుగాక. స్వస్తి.