ఉల్లికోడు - రూపమొకటి, తెగలు పలు



వరిపిలక కంకి వేయక, ఉల్లికాడవలె తెల్లని గొట్టమగుట మీరెరుగుదురు. అదియే ఉల్లికోడు. దోమవలె నుండు చిన్న ఎర్రని ఈగ ఆకులపై గ్రుడ్లు పెట్టును. వాని నుండి వచ్చిన పిల్లపురుగు మొవ్వులోనికి దిగి, అచ్చటనే తినుచు పెరుగును. గొట్టమైన పిలకకు కంకి రాదు.

"ఉల్లికోడును తట్టుకొను రకమని విత్తనము తెచ్చితిమి. అయినను పైరు దెబ్బతిన్నది. విత్తనము కల్తీయా?" అని పలువురు అడుగుచుందురు. కల్తీ కాకపోవచ్చును. కారణము పురుగులోనే యుండవచ్చును.

పురుగులను మొదట శరీర నిర్మాణమును బట్టి వర్గీకరింతురు. ఆఫ్రికాలో వరికి పట్టు ఉల్లికోడు ఈగ మన ఈగయే యని చాలకాలము తలచిరి. 1982లో సూక్ష్మ భేదములను పరిశీలించి, దానిని వేరు జాతిగా నిర్ణయించిరి. కాని మన దేశములోని ఈగలలో కంటికి భేదము కానరాదు. జాతి ఒకటే, జన్యువులలో మాత్రము తేడా గలదు. ఇట్టి తెగను బయోటైపు అందురు. మన దేశములో ఏడు బయోటైపులను గుర్తించిరి. వీనిని పోల్చుకొను సాధనము వరి మొక్కయే. వేర్వేరు నిరోధక జన్యువులు గల రకములను ప్రక్కప్రక్కన నాటి, ఏది గొట్టము వేసినదో, ఏది వేయలేదో చూచి తెగను నిర్ణయింతురు.

కావ్య రకములోని జీఎం 1 జన్యువు జగిత్యాలలోని మూడవ తెగను ఆపును. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో గుర్తించిన నాల్గవ తెగను ఆపలేదు. ఫల్గుణ రకమునకు బలము జీఎం 2 జన్యువు. 1980 తరువాతి సంవత్సరములలో మన ప్రాంతమున అదియు లొంగిపోయెను. ఒకే రకమును ఊరంతయు ఏటేట నాటినచో, దానిని జయింపగల కొద్ది ఈగలు బ్రతికి, వాని సంతతియే పెరుగును. అభయ రకములోని జీఎం 4 జన్యువు నాల్గవ తెగను తట్టుకొనునని పరీక్షలలో తేలినది.

కనుక విత్తనము కొనునపుడు "ఉల్లికోడును తట్టుకొనునా?" అని మాత్రమే అడుగవలదు. "మన జిల్లా తెగను తట్టుకొనునా?" అని అడుగవలెను. ఊరంతయు ఒకే రకము నాటరాదు. ఆలస్యము చేయక సకాలములో ఊడ్చవలెను. ఈ ఈగకు ఆశ్రయమిచ్చు అడవి వరిని గట్లమీద, కాలువలలో ఉండనీయరాదు. పిలకలను లెక్కించుచు, నూటికి ఐదు గొట్టములైనచో వెంటనే వ్యవసాయాధికారి సలహా పొందవలెను.

నిరోధక రకములో గొట్టములు విరివిగా కనిపించినచో, దుబ్బులను వేళ్లతో పెకలించి, రకము పేరు, నాటిన తేదీ వ్రాసి, రాగోలు పరిశోధనా స్థానమునకు తెండు. క్రొత్త తెగ పుట్టినచో దానిని మొదట చూచువారు మీరే. మీరు తెచ్చిన ఆ దుబ్బు రేపటి విత్తనమునకు దారి చూపగలదు.