అమ్మని ఇక్కడే ఉంచేసుకోవచ్చా? ఆస్ట్రేలియా ‘రిటైర్మెంట్ వీసా’ సంగతి

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడింది వినడం కుదరనివాళ్ళ కోసం ఇక్కడ రాసి పెడుతున్నాం.

నేను మెల్‌బోర్న్‌లో కన్‌స్ట్రక్షన్ సైట్ మీద సూపర్‌వైజర్‌ని. ఐటీఐ చదివినోణ్ణి. లాయర్‌ని కాదు, వీసా ఏజెంట్‌ని అసలే కాదు. కానీ ఈ విషయంలో నా చెయ్యి ఒకసారి కాలింది. అందుకే ఇవాళ దీని గురించి మాట్లాడుతున్నా.

సైట్ మీద చాయ్ టైంలో మనోళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. “అన్నా, అమ్మానాన్న విజిట్ మీద వచ్చిండ్రు. ఇక్కడే ఉండి రిటైర్మెంట్ వీసాకి మార్చుకోవచ్చంట కదా?” ఇంకొంతమంది తమ గురించే అడుగుతారు. “నేను వర్క్ వీసా మీద ఉన్నా. ముసలోణ్ణయ్యాక రిటైర్మెంట్ వీసా పెట్టుకుని ఇక్కడే ఉండిపోవచ్చా?”

ముందు సూటిగా జవాబు చెప్తా, తర్వాత వివరం. ఆస్ట్రేలియాలో కొత్తగా అప్లై చేసుకోవడానికి రిటైర్మెంట్ వీసా అనేది ఇప్పుడు లేదు. ఎవరైనా మీకు అది ఇప్పిస్తామంటే, లేని సరుకు అమ్ముతున్నట్టే.

మరి ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? ఊరికే పుట్టలేదు. ఇక్కడ ఒకప్పుడు నిజంగానే ఉండేది. 410 నంబర్ వీసా ఒకటి, దాని పేరే రిటైర్మెంట్ వీసా. 2005లో కొత్తవాళ్ళకి ఆపేశారు. దాని స్థానంలో 405 వచ్చింది, ఇన్వెస్టర్ రిటైర్మెంట్ అని. 55 ఏళ్ళు దాటాలి, ఏదో ఒక రాష్ట్ర ప్రభుత్వం స్పాన్సర్ చేయాలి, లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టాలి. పల్లెప్రాంతాలకైతే 5 లక్షలు, మిగతా చోట్ల ఏడున్నర లక్షల డాలర్లు. మనలాంటోళ్ళ కోసం పెట్టింది కాదు అది. దాన్ని కూడా 2018 జూన్ 1 నుంచి కొత్తవాళ్ళకి మూసేశారు. అప్పటికే ఆ వీసాల మీద ఉన్న పెద్దోళ్ళకి మాత్రం పర్మనెంట్ అవ్వడానికి దారి ఇచ్చారు. ఆ పాత సంగతే ఇంకా ఫోన్లలో, వాట్సాప్‌లో తిరుగుతోంది.

రెండో కారణం, వేరే దేశాల ముచ్చట ఇక్కడికి అంటించడం. థాయ్‌లాండ్‌లో 50 ఏళ్ళు దాటినోళ్ళకి, బ్యాంకులో 8 లక్షల బాత్ చూపిస్తే రిటైర్మెంట్ మీద ఉండనిస్తారు. యూఏఈలో 55 దాటినోళ్ళకి 10 లక్షల దిర్హాములు దాచుకుని ఉంటేనో, అంత విలువ చేసే ఇల్లుంటేనో ఐదేళ్ళ రిటైర్మెంట్ వీసా ఉంది. గల్ఫ్‌లో ఉన్న మీకు ఈ మాట తెలుసు. కానీ ఒక దేశం రూలు ఇంకో దేశంలో చెల్లదు కదా.

ఇప్పుడు నా కథ.

నాన్న పోయాక అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉండేది, జగిత్యాల దగ్గర మా ఊళ్ళో. ఇద్దరు అక్కలకీ అక్కడే దగ్గర్లో ఇచ్చినం. నేనొక్కణ్ణే కొడుకుని, ఇక్కడ సిటిజన్‌ని. అమ్మకి 69 ఏళ్ళప్పుడు విజిటర్ వీసా మీద తీసుకొచ్చినం. పిల్లలతో కలిసిపోయింది. వెనక తోటకూర, మెంతికూర పెట్టింది. నా భార్య కూడా, “ఇక అత్తమ్మని పంపొద్దు” అంది.

అప్పుడు ఒకతను ఫోన్‌లో తగిలిండు. “ఇండియా పోవాల్సిన పనే లేదు సార్, ఇక్కడే ఉండగానే రిటైర్మెంట్ వీసాకి మార్చేస్తాం” అన్నాడు. 3 వేల డాలర్లు అడ్వాన్స్ అడిగితే కట్టేసిన. అమ్మకి చెప్పిన, ఇక నువ్వు ఇక్కడే అని. అమ్మ అక్కకి ఫోన్ చేసి బర్రెను అమ్మించేసింది. ఇల్లు కిరాయికి ఇచ్చేసింది.

వీసా ఇంకా మూడు వారాలే ఉందనంగా నాకు అనుమానమొచ్చింది. అడిగితే ఫైల్ నంబర్ ఇవ్వడు, ఎంబసీలో ఉందంటాడు. అప్పుడు రిజిస్టర్డ్ ఏజెంట్ ఒకాయన దగ్గర ఫీజు కట్టి గంటసేపు కూర్చున్న. ఆయన రెండే ప్రశ్నలడిగిండు.

మొదటిది, “వీసా గ్రాంట్ లెటర్ తెచ్చారా?” ఇచ్చిన. కండిషన్ల దగ్గర వేలు పెట్టి చూపించిండు. 8503. అంటే ‘నో ఫర్దర్ స్టే’. ఈ వీసా మీద ఇక్కడ ఉన్నంతసేపు, ఆశ్రయం అడిగే ప్రొటెక్షన్ వీసా లాంటి ఒకట్రెండు తప్ప వేరే ఏ వీసాకీ ఇక్కణ్ణుంచి అప్లై చేయడానికి లేదు. దాన్ని తీసేయమని అడగొచ్చు. అయితే వీసా వచ్చిన తర్వాత మన చేతుల్లో లేని పెద్ద కష్టం ఏదైనా మీద పడి ఉండాలి. అమ్మ మీద ప్రేమ ఉంది, మనవళ్ళకి అలవాటైంది అంటే వినరు. ఆ లెటర్ నా ఈమెయిల్‌లో ఎన్నో నెలలుగా ఉంది. నేను చదవలేదు.

రెండో ప్రశ్న, “మీ అమ్మగారికి పిల్లలెంతమంది? ఎవరెక్కడున్నారు?” ముగ్గురం, ఇద్దరు ఇండియాలో, నేనిక్కడ అన్న. ఆయన పెన్ను పక్కన పెట్టి, “అయితే 8503 లేకపోయినా మీ అమ్మగారికి పర్మనెంట్ పేరెంట్ వీసా రాదు” అన్నాడు.

ఈ రెండో విషయం మనవాళ్ళకి ఎక్కువమందికి తెలియదు, అందుకే కొంచెం నిదానంగా చెప్తా. ఆస్ట్రేలియా పేరెంట్ వీసాలకి ‘బ్యాలెన్స్ ఆఫ్ ఫ్యామిలీ’ అని పరీక్ష ఉంది. తల్లిదండ్రుల పిల్లల్లో కనీసం సగం మంది ఇక్కడ పర్మనెంట్‌గా ఉండాలి. లేదంటే వేరే ఏ ఒక్క దేశంలో ఉన్నవాళ్ళకన్నా ఇక్కడున్నవాళ్ళు ఎక్కువుండాలి. ఇద్దరు పిల్లల్లో ఒకరు ఇక్కడుంటే పాస్. ముగ్గురిలో ఒకరు ఇక్కడ, ఇద్దరు ఇండియాలో అంటే ఫెయిల్. ఆడపిల్లలు పెళ్ళయి వెళ్ళిపోయారు కదా, వాళ్ళని లెక్కపెట్టరు అనుకునేరు. లెక్కపెడతారు. అమ్మానాన్నని చూసుకునేది కొడుకే అన్నది మన లెక్క. వాళ్ళ లెక్కలో అందరు పిల్లలూ సమానమే.

సరే, ఈ పరీక్ష పాసైన వాళ్ళున్నారనుకోండి. వాళ్ళు ఇక్కడ ఉండగానే అప్లై చేయొచ్చా? చేయొచ్చు. రిటైర్మెంట్ వీసాకి దగ్గరగా ఉన్నది అదే. 804, ఏజ్డ్ పేరెంట్ వీసా. ఇక్కడి వృద్ధాప్య పెన్షన్ వయసు, అంటే 67, నిండి ఉండాలి. పరీక్ష పాసవ్వాలి. చేతిలో ఉన్న వీసా మీద 8503 ఉండకూడదు. ఇక్కడే ఉండి పెడితే బ్రిడ్జింగ్ వీసా ఇస్తారు. దాని మీద నిర్ణయం వచ్చేదాకా ఉండొచ్చు.

అయితే ఆ నిర్ణయం ఎప్పుడొస్తుంది? ఇదే అసలు ముచ్చట. మొత్తం పేరెంట్ వీసాలకి 2022-23 నుంచి ఏడాదికి 8,500 సీట్లు. లైన్లో ఉన్న అప్లికేషన్లు లక్ష దాటిపోయినయి. సీట్లలో ఎక్కువ భాగం డబ్బు ఎక్కువ కట్టే కంట్రిబ్యూటరీ రకానికి పోతయి. ఆ రకానికి ఒక్కొక్కరికి 48 వేల డాలర్ల దగ్గర అవుతుంది, అయినా పదేళ్ళు దాటి ఎదురుచూడాలి. ఏడు వేల డాలర్ల చుట్టూ అయ్యే మామూలు 804కి 30 ఏళ్ళ పైమాటే. 67 ఏళ్ళ మనిషికి 30 కలిపి చూడండి. 2023లో ప్రభుత్వం వేసిన మైగ్రేషన్ రివ్యూలోనే, ఎప్పటికీ చేతికి రాని వీసాకి జనాన్ని లైన్లో నిలబెట్టడం క్రూరం అన్నట్టుగా రాశారు.

అంటే 804 పెట్టినవాళ్ళు నిజానికి వీసా కోసం కాదు, బ్రిడ్జింగ్ మీద బతకడం కోసం పెడుతున్నారు. అలా ఉండొచ్చు, నేను తప్పనను. కానీ అది ఎలాంటి బతుకో తెలిసి దిగాలి. రెండు విషయాలు చెప్తా.

ఒకటి, ఆరోగ్యం. పేరెంట్ వీసా పెట్టి ఎదురుచూసే మన పెద్దోళ్ళకి మెడికేర్ రాదు. బ్రిటన్, ఇటలీ లాంటి కొన్ని దేశాలతో ఆస్ట్రేలియాకి వైద్య ఒప్పందం ఉంది, ఇండియాతో లేదు. కాబట్టి ప్రైవేట్ ఇన్సూరెన్స్ ప్రతి ఏడూ కట్టుకుంటూ పోవాలి. పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అది దాటకముందు పడితే హాస్పిటల్ బిల్లు కొడుకు మీదే. 75 ఏళ్ళకి తుంటి ఎముక విరిగితే ఎవరు కడతారన్నది, అప్లికేషన్ పెట్టకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి.

రెండు, ఊరికి పోవడం. మామూలు బ్రిడ్జింగ్ వీసా, అంటే ‘ఏ’ రకం మీద దేశం దాటితే అది అక్కడితో అయిపోతుంది, దాని మీద తిరిగి రాలేరు. ముందుగా ‘బీ’ రకం బ్రిడ్జింగ్ వీసా తీసుకుని పోవాలి. ఊళ్ళో తమ్ముడు పోయాడని రాత్రి ఫోనొస్తే పొద్దున్నే టికెట్ కొట్టి ఎక్కించడం కాదు. మనోళ్ళకి చావుకి పోకపోవడమంటే ఎంత బాధో మీకు చెప్పక్కర్లేదు.

మా అమ్మ సంగతికి వస్తా. వేరే దారి లేదు, వీసా అయిపోయేలోపు పంపించినం. ఎయిర్‌పోర్ట్‌లో అమ్మ, “బర్రెను అమ్ముకోకపోతే బాగుండు బిడ్డా” అంది, అంతే. ఇంకేమీ అనలేదు. 3 వేలు పోయినందుకు నాకంత బాధ లేదు. ఆ మాట మాత్రం ఇప్పటికీ పోదు.

అమ్మ వెళ్ళాక పెట్టింది 870. స్పాన్సర్డ్ పేరెంట్ వీసా, 2019లో మొదలైంది. దీనికి బ్యాలెన్స్ ఆఫ్ ఫ్యామిలీ పరీక్ష లేదు. అక్కలిద్దరూ ఇండియాలో ఉన్నా అమ్మకి కుదిరింది ఇందుకే. ముందు కొడుకో కూతురో స్పాన్సర్‌గా అప్రూవ్ అవ్వాలి. పీఆర్ లేదా సిటిజన్ అయ్యి, మామూలుగా నాలుగేళ్ళు ఇక్కడ ఉండి ఉండాలి. ఏడాదికి 83,454 డాలర్ల పైన టాక్స్ కట్టే ఆదాయం చూపాలి, భార్యాభర్తలది కలిపి చూపించుకోవచ్చు. మూడేళ్ళ వీసా, ఐదేళ్ళ వీసా అని రెండుంటయి. మొదలైనప్పుడు ఫీజు 5 వేలు, 10 వేలు ఉండేది. ఇప్పుడు ఆరు వేలు, పన్నెండు వేల చుట్టూ ఉంది, ఏటేటా పెరుగుతుంది. మొత్తం కలిపి పదేళ్ళ వరకే. పని చేయకూడదు, ఇన్సూరెన్స్ ఉండాల్సిందే. ఇది పర్మనెంట్ కాదు, దీని మీద ఇక్కడుంటూ పర్మనెంట్ పేరెంట్ వీసాకి పెట్టడం కుదరదు. ఇంకో ముఖ్యమైన విషయం, మామూలుగా దీనికి తల్లిదండ్రులు ఆస్ట్రేలియా బయట ఉండగానే అప్లై చేయాలి. ఇక్కడికొచ్చాక మార్చుకుందాం అనుకుంటే ఇదీ కుదరదు. అంటే ముందు కాగితం, తర్వాత విమానం.

ఇక వర్క్ వీసా మీద ఉన్న తమ్ముళ్ళకి ఒక్క మాట. మీ ముసలితనానికి రిటైర్మెంట్ వీసా అనే ఆశ పెట్టుకోకండి. ఇక్కడ వయసు మళ్ళాక ఉండాలంటే పీఆర్ కావాలి. కంపెనీ స్పాన్సర్ చేసే 186 అయినా, పాయింట్ల మీద వచ్చేదైనా మామూలుగా 45 లోపే పెట్టాలి. 41, 42లో ఉన్నవాళ్ళు ఇంగ్లిష్ పరీక్ష, ట్రేడ్ అసెస్‌మెంట్ వచ్చే ఏడాది చూద్దాంలే అనుకోవద్దు. పీఆర్ రాకపోతే, వెళ్ళేటప్పుడు మీ సూపర్ డబ్బు తీసుకోవచ్చు. అందులో ఎక్కువగా 35 శాతం టాక్స్ పోతుంది. మిగిలింది మీదే, అడగడం మర్చిపోకండి.

చివరగా, స్కాఫోల్డ్ ఎక్కేముందు దాని ట్యాగ్ చూస్తాం కదా. వీసాకి కూడా అంతే. గ్రాంట్ లెటర్ తీసి కండిషన్ నంబర్లు చదవండి. అర్థం కాకపోతే హోం అఫైర్స్ వాళ్ళ వీవో సైట్‌లో చూసుకోండి, డబ్బులేమీ కట్టక్కర్లేదు. ఆస్ట్రేలియాలో ఉన్న ఏజెంట్‌ని అయితే ముందు రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. ఏడంకెలు ఉంటుంది, ప్రభుత్వ రిజిస్టర్‌లో పేరు కొట్టి చూడొచ్చు. లాయర్ అయితే లా ప్రాక్టీస్ లైసెన్స్ అడగండి. అడిగితే కోపం తెచ్చుకునేవాడికి డబ్బు కట్టకండి. రూల్స్, ఫీజులు మారుతుంటయి కాబట్టి, నా మాట మీద కూడా సంతకం పెట్టకండి, మీరే చూసుకోండి.

అమ్మ మళ్ళీ వచ్చింది. వెనక మెంతికూర మళ్ళీ మొలిచింది. ఊళ్ళో ఇల్లు మాత్రం ఈసారి కిరాయికి ఇవ్వలేదు, తాళం అక్క దగ్గరే ఉంది. ఎప్పుడు పోవాలన్నా పోయేటట్టు పెట్టుకున్నం. మీరు కూడా, ఏ వీసా పెట్టినా, ఊళ్ళో ఆ తాళం మాత్రం అమ్ముకోకండి.

ఉంటా మరి. పని మీద జాగ్రత్త. నమస్తే.