వాన పడ్డాక మిగిలిన పిల్లలు



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం పెట్టారో ఆ మాస్టారు కరువు ముచ్చట్లు బాగా చెప్పేవారు. వినేవాళ్ల కళ్లు చెమర్చగానే, "సరే, ఆ తర్వాత ఆ పిల్లలేమయ్యారు?" అని అడిగేవారు. నేనూ అక్కడే మొదలుపెడతాను.

మన అవ్వలు ధాత కరువని చెప్పుకున్న కరువు 1876లో మొదలై 1878 దాకా పీడించింది. మైసూరు రాజ్యంలో 1871లో 50 లక్షలు దాటిన జనం 1881 లెక్కలకు 42 లక్షలు కూడా లేరు. లండన్‌లో లార్డ్ మేయర్ పూనుకుంటే మాన్షన్ హౌస్ కరువు నిధికి లక్షల పౌండ్లు పోగయ్యాయి. ఆ దయను నేను తక్కువ చేయను, ఆ డబ్బుతో గంజి తాగి బతికినవాళ్లున్నారు. కానీ ఆ రోజుల్లోనే మద్రాసు రాజధానిలో బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ మాట మీద కరువు కూలీకి రోజుకు ఒక పౌండు బరువు ధాన్యం చాలన్నారు. అరకిలో కూడా నిండదు. రాళ్లు మోసే మనిషికి!

వానలు పడ్డాయి, చందాలు ఆగాయి. తల్లీతండ్రీ పోయిన పిల్లలు మాత్రం ఉన్నచోటే ఉన్నారు.

కోలారులో అలాంటి పిల్లలను చేరదీసింది లూయీజా ఆన్‌స్టే. మతప్రచారం కోసం వచ్చిన మనిషే, ఆ మాట దాచనక్కర్లేదు. దానిపై ఎవరి అభిప్రాయం వారిది. 1890లో మెథడిస్టులకు అప్పగించేదాకా ఆమె ఆ పని వదల్లేదు. అంటే కరువు తీరాక పన్నెండేళ్లు. నా మనసుకు పట్టేది ఆ పన్నెండేళ్లే. గంజి పోసిన పూట చూడ్డానికి అందరూ వస్తారు. జ్వరానికి రాత్రంతా మేలుకున్నదీ, పలకా బలపం కొనిచ్చిందీ ఎవరికీ కనబడవు.

యుద్ధం సంగతీ ఇంతే. 1919లో, మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక కూడా శత్రుదేశాలకు బ్రిటన్, దాని మిత్రదేశాలు తిండి చేరనివ్వలేదు. ఆకలికి చిక్కిశల్యమైన ఆస్ట్రియా బిడ్డ బొమ్మతో ఎగ్లాంటైన్ జెబ్ అనే ఆవిడ లండన్ వీధిలో కరపత్రాలు పంచితే అరెస్టు చేసి అయిదు పౌండ్ల జరిమానా వేశారు. శత్రువు బిడ్డ కూడా బిడ్డే అన్నందుకు! ఆవిడ సేవ్ ద చిల్డ్రన్ సంస్థ పెట్టి అంతటితో ఊరుకోలేదు. పిల్లల హక్కుల ప్రకటన రాసింది, 1924లో జెనీవాలో నానాజాతి సమితి దాన్ని ఆమోదించింది. ఇవాళ ఏ దేశంలో బాంబులు పడి పిల్లలు చనిపోయినా ఫోన్లో చూసి అయ్యో అంటాం. ఆ అయ్యో మంచిదే. రేపటికి అది ఏ రూపంలో ఉంటుందన్నదే నా బెంగ.

ఇక మన ఇంటి మాట. 2001 ఫిబ్రవరి 28న కోలారు జిల్లాలోని కేజీఎఫ్ బంగారు గనులు మూతపడ్డాయి. ఆ ఏడాది నేనక్కడ ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. ఆరో తరగతి పిల్లవాడొకడు మధ్యాహ్నం గోడవైపు తిరిగి కూర్చుని డబ్బా మూత తీసేవాడు. చెయ్యి నోటి దగ్గరికి పోయి వచ్చేది. తర్వాత కుళాయి దగ్గర డబ్బా కడుక్కునేవాడు. ఒకరోజు వెనకనుంచి వెళ్లి చూశాను. డబ్బాలో ఏమీ లేదు. తోటివాళ్ల ముందు పరువు కోసం రోజూ ఆ ఖాళీ డబ్బాకు అంత కష్టపడుతున్నాడు. వాడి ఫోటో ఎవరూ తీయలేదు, ఏ నిధీ పుట్టలేదు. మెల్లగా వచ్చే ఆకలి వార్త కాదు.

అదే ఏడాది నవంబరు 28న సుప్రీంకోర్టు సర్కారు బళ్లలో వండిన భోజనం పెట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. మన కర్ణాటకలో అది అక్షర దాసోహంగా వచ్చింది. ఎవరి జాలీ అక్కర్లేకుండా, గోడవైపు తిరగకుండా, వరసలో కూర్చుని తినొచ్చు.

మధ్యాహ్నం సరే. మారికుప్పం, ఛాంపియన్, ఊర్‌గాం స్టేషన్లలో తెల్లవారుజామున బెంగళూరు బండెక్కి చీకటి పడ్డాక దిగే అమ్మానాన్నల పిల్లలు, బడి వదిలాక ఎక్కడుంటారు? మాస్టారి పేరిట ఉన్న ఈ స్మారక నిధి వడ్డీ ప్రతి ఏడూ ఒక సభకూ ఒక పుస్తకానికీ పోతోంది. నా ఉపన్యాసం అచ్చు వేయకపోయినా ఫరవాలేదు. స్టేషను దగ్గర ఒక గది తీసుకోండి, ఒక దీపం, ఒక చాప, సాయంత్రం ఇంత ముద్ద, చారు, చదువు చెప్పే మనిషి ఒకరు. రాత్రి బండి వచ్చేదాకా తెరిచి ఉంచండి. వారానికి రెండు రోజులు నేను వస్తాను.